రాజు ‘స’, నిప్పు ‘స’

“సాయంత్రం ఐదింటికి నా కారు రాజధానికి బయలుదేరుతుంది. వెనక సీట్లో ఆ పిల్ల ఉంటుంది. ఈలోపు మీరేం అడుగుతారో అడగండి,” అన్నాడు గిరుమ్.

ఇన్‌స్పెక్టర్ అట్సెదె చేతి గడియారం చూసుకుంది. ఎనిమిదింబావు.

“ఐదంటే మన లెక్కా, యంత్రం లెక్కా?”

“యంత్రం లెక్క. ఇక్కడ యంత్రాల సంగతే కదా మాట్లాడుకుంటున్నాం.”

అంబ గెన్నెత్ ఊళ్ళో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు. యంత్రాలు మాత్రం విదేశీ లెక్క పాటిస్తాయి. రెంటికీ ఆరు గంటల తేడా. అట్సెదె నోటు పుస్తకంలో పైన ‘యంత్రం లెక్క’ అని రాసి కింద గీత గీసింది. ఆ లెక్కన ఇప్పుడు రెండుంబావు. ఆమెకు మూడు గంటలు కూడా మిగల్లేదు.

గిరుమ్ రాజధానిలోని టెలిఫోన్ల ప్రధాన కార్యాలయంలో భద్రతాధికారి. మడత నలగని సూటు వేసుకుని, పెట్టె పట్టుకుని ఎనిమిది గంటలు ప్రయాణం చేసి వచ్చాడు. వచ్చీ రాగానే శిక్షణ కేంద్రంలో మొదటి ర్యాంకు పిల్లను దోషి అన్నాడు.

“ఆధారం?” అడిగింది అట్సెదె.

“నిన్న పొద్దున ఎనిమిదీ పదికి పెద్ద రౌటర్‌లోని ఆదేశాలన్నీ ఎవరో చెరిపేశారు. మూడు జిల్లాలకు ఫోన్లు లేవు, బ్యాంకులు లేవు, ఆసుపత్రికి లైను లేదు. పదకొండూ నలభైకి అన్నీ తిరిగొచ్చాయి. చెరిపినప్పుడూ ఆ పిల్ల పేరే, తిరిగి పెట్టినప్పుడూ ఆ పిల్ల పేరే. ఇంకేం కావాలమ్మా? ఆమె బొటనవేలు కోసి తెచ్చి పెట్టమంటారా?”

“మూడున్నర గంటలు ఫోన్లు లేకపోతే ఊళ్ళో ఎవరూ ఈ కొండ మీదికి రాలేదా?”

గిరుమ్ మొదటిసారి నవ్వాడు. “మన దేశంలో నెట్‌వర్క్ పోయిందని పరిగెత్తేవాడు ఎవడండీ? కొత్తగా పెళ్ళి కుదిరినవాడు తప్ప.”

అది నిజమే. పైగా నిన్న మర్యమ్ మాత పండగ. కొండ మీది టెలిఫోన్ స్టేషనూ, దాని పక్కనే ఉన్న శిక్షణ కేంద్రమూ ఖాళీ. డైరెక్టరు, గుమాస్తా, ఇరవై నలుగురు విద్యార్థులు, అందరూ తెల్ల బట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళారు.

“నేను కిందికెళ్ళి భోంచేసి వస్తాను. మీరు కానివ్వండి,” అని గిరుమ్ వెళ్ళిపోయాడు.

* * *

ఆ పిల్ల పేరు యెషిమ్మెబెత్, అందరికీ యెషి. ఇరవై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి కానీ వీపు నిటారుగానే ఉంది. చేతులు బల్ల మీద పెట్టుకుని, వేళ్ళతో కనిపించని అక్షరాలు నొక్కుతోంది.

“నిన్న ఎనిమిదింటికి ఎక్కడున్నావు?”

“దారిలో మేడమ్. మా ఊరి నుంచి చర్చికి రెండు గంటల నడక.”

“ఎవరైనా చూశారా?”

“గాడిదలు చూశాయి.” అని, తప్పు మాట్లాడానేమోనని పెదవి కొరుక్కుంది. “అమ్మకు ఒంట్లో బాలేదు. ఒక్కదాన్నే వచ్చాను. చర్చి దగ్గరికి వచ్చేసరికి పది.”

“నీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు. అంటే... పాస్‌వర్డులు ఇచ్చింది గిరుమ్ సార్ ఆఫీసు. వాళ్ళకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు.”

“ఆ ఆదేశాలు ఎన్ని లైన్లు?”

“నాలుగు వందల పన్నెండు.” ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “మా పాఠం అదే మేడమ్. ఆ రౌటర్‌లో ఉన్నదాన్నే కాగితం మీద అచ్చువేసి చేరిన కొత్తలో మాకిచ్చారు. అందరం కలిసి గట్టిగా చదువుతాం. రెండేళ్ళుగా.”

“చూడకుండా చెప్పగలవా?”

“నూట యాభై వరకు తడబడకుండా చెబుతాను. తర్వాత కాగితం కావాలి. క్లాసులో నేనే మొదటిదాన్ని. మిగతావాళ్ళు వందకే ఆగిపోతారు.”

“కాగితాలు నిన్న ఎక్కడున్నాయి?”

“డైరెక్టరు గారి బీరువాలో. తాళం ఆయన జేబులో. ఆయన చర్చిలో.”

అట్సెదె కలం ఆపింది. బీరువా తాళం చెక్కు చెదరలేదని ఆమె పొద్దున్నే చూసింది. ఇంకో కాపీ రాజధానిలో గిరుమ్ దగ్గర ఉంది. దాన్ని లైను మీద పంపే వీలు లేదు, ఎందుకంటే లైనే లేదు. దాన్ని పట్టుకుని గిరుమ్ నిన్న పొద్దున బయలుదేరాడు. ఆయన దారిలో ఉండగానే లైను తిరిగొచ్చింది.

అంటే నిన్న ఈ కొండ మీద ఎవరో నాలుగు వందల పన్నెండు లైన్లను కాగితం లేకుండా కొట్టారు.

“గిరుమ్ సార్‌తో వెళ్తే మళ్ళీ రానిస్తారా మేడమ్?” అడిగింది యెషి. “పోయినేడు పక్క జిల్లా అబ్బాయి వెళ్ళాడు. వాళ్ళమ్మ ఇంకా ఎదురుచూస్తోంది.”

అట్సెదె నోటు పుస్తకం మూసింది. “లే. యంత్రాల గది చూపించు,” అంది.

* * *

యంత్రాల గది చల్లగా ఉంది. బీరువాలంత ఎత్తున్న నల్లటి చట్రాల్లో ఆకుపచ్చ దీపాలు మినుకు మినుకుమంటున్నాయి. గోడ పక్కన తీగలన్నీ వచ్చి ఒక పలక మీద వరసగా దిగాయి. పసుపు తొడుగులో ఉన్న ఒక సన్నని తీగను యెషి వేలితో చూపించింది, తాకలేదు.

“రాజధాని నుంచి వచ్చేది ఇదొక్కటే మేడమ్. లోపల గాజుపోగు ఉంటుంది. వెంట్రుకంత. మూడు జిల్లాల మాటలూ దాంట్లోంచే వెలుగై పోతాయి.”

అట్సెదె వంగి చూసింది. ఆమె చిన్నప్పుడు తండ్రి చనిపోయిన కబురు కంచర గాడిద మీద ఆరు రోజులకు ఇల్లు చేరింది. ఆ దారంతా ఇప్పుడు ఈ వెంట్రుకలో ఉంది. ఏదో పవిత్రమైన చోట చెప్పులతో నిలబడ్డట్టు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“రౌటర్ చిట్టా తియ్యి.”

యెషి తెర మీద తెచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఏం చేశారో యంత్రం దానంతటదే రాసుకునే పట్టిక అది. చెరిపిన ఆదేశం ఎనిమిదీ పదికి వచ్చింది. ఈ గదిలోంచి కాదు, దూరం నుంచి, లైను మీద. తిరిగి కొట్టింది మాత్రం ఈ గదిలో ఉన్న ఈ కీబోర్డు మీదే. ఎనిమిదీ పదహారుకు మొదలైంది. సగటున నిమిషానికి రెండు లైన్లు. హడావిడి లేదు. తప్పు కొట్టి దిద్దింది ఒక్కటీ లేదు.

అట్సెదె ఒక్కో లైను పక్కనున్న సమయాన్ని వేలితో చూసుకుంటూ పోయింది. పది లైన్లు. తర్వాత ఒక నిమిషం ఖాళీ. మళ్ళీ పది లైన్లు. మళ్ళీ నిమిషం ఖాళీ. చివరిదాకా అంతే.

“మీరు పాఠం చదివేటప్పుడు పదేసి లైన్లకు ఆగుతారా?”

“లేదు మేడమ్. గంట కొట్టేదాకా ఆగం.”

అట్సెదె బీరువాలోంచి తెప్పించిన పాఠం కాగితాలను తెర పక్కన పెట్టింది. ఆదేశాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అక్షరం తేడా లేదు. ప్రతి తీగకూ గుర్తుగా రాసుకున్న పేరు మాత్రం సొంత లిపిలో ఉంది: ఆసుపత్రి, బ్యాంకు, సిల్తెన. సిల్తెన అంటే శిక్షణ.

ఆ మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

కాగితం మీద ‘సిల్తెన’లో మొదటి అక్షరం నిప్పు ‘స’. తెర మీద రాజు ‘స’.

ఆ లిపిలో రెండు ‘స’లు ఉన్నాయి. పలికితే రెండూ ఒకటే. వాళ్ళ భాషలో నిప్పును చెప్పే మాటలో రాసేది ఒకటి, రాజును చెప్పే మాటలో రాసేది ఇంకొకటి. ఏ మాటకు ఏది రాయాలో పాత చదువు చదివినవాళ్ళకే పట్టింపు. బళ్ళో, పత్రికల్లో, ఫోన్లలో అందరూ ఏది దొరికితే అది రాస్తారు. అట్సెదె పేరు కూడా జీతం పట్టీలో ఒకలాగా, గుర్తింపు కార్డులో ఇంకోలాగా ఉంటుంది. ఊళ్ళో ఆమెకు మొదట అక్షరాలు దిద్దించిన చర్చి పూజారి మాత్రం తప్పు ‘స’ రాస్తే పలక మీద ఉమ్మేవాడు.

“యెషీ, సిల్తెన అని కొట్టు.”

యెషి టక్కున కొట్టింది. నిప్పు ‘స’.

“రాజు ‘స’తో కొట్టు.”

“అదా? దానికి కీ రెండుసార్లు నొక్కాలి మేడమ్. అంత ఓపిక ఎవరికుంది?”

“ఒకరికుంది.” అట్సెదె తెర కిందికి జరిపింది. ఆ మాట పదిహేడు చోట్ల ఉంది. పదిహేడు చోట్లా రాజు ‘స’. అక్షరదోషం చూసి సహించలేక, మూడు జిల్లాలు మూగబోయి ఉన్న వేళ కూడా, ఎవరో ఓపిగ్గా కీని రెండేసి సార్లు నొక్కారు.

“ఇక్కడ చర్చి బడిలో చదువుకున్నవాళ్ళెవరు?”

యెషికి అంత బాధలోనూ నవ్వొచ్చింది. “మాలోనా? ఎవరూ లేరు. గేటు కాపలా గాషే బిత్తెవ్‌కు మాత్రం కీర్తనలన్నీ కంఠస్థం అంటారు. నూట యాభై. పదేసి కీర్తనలకు ఆగి శిలువ గుర్తు...”

మాట మధ్యలోనే ఆగిపోయి అట్సెదె ముఖంలోకి చూసింది.

* * *

గాషే అంటే పెద్దాయన. బిత్తెవ్‌కు అరవై ఐదు దాటి ఉంటాయి. భుజాల మీద దుప్పటి, చేతిలో కర్ర, జేబులో వేయించిన బార్లీ గింజలు. యంత్రాల గది గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు.

“కూర్చోండి గాషే.”

“కాపలావాడు లోపల కూర్చోకూడదమ్మా. రూలు.”

“నిన్న కూర్చున్నారుగా?”

ముసలాయన తల వంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా నేల మీదే కూర్చున్నాడు.

“ఆసుపత్రి నర్సు కొండెక్కి పరిగెత్తుకొచ్చింది. పురుడు అడ్డం తిరిగిందట. రాజధానిలో పెద్ద డాక్టరమ్మ తెర మీద చూసి చెబుతుంటే ఇక్కడివాళ్ళు కోత మొదలుపెట్టాలట. మొదలుపెట్టకముందే తెర ఆరిపోయింది. ‘ఎవరూ లేరా తాతా’ అని ఏడ్చింది. నేనున్నాను, తాళంచెవులున్నాయి. ఇంకేం చెయ్యను?”

“మీకు ఇది ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదు. రెండేళ్ళు గుమ్మం బయట కూర్చున్నాను. పిల్లలు రోజూ గట్టిగా చదువుతారు. చెవులు మూసుకోలేం కదమ్మా. ఇంగ్లీషు అక్షరాలు కిటికీలోంచి చూసి పట్టుకున్నాను. అర్థం తెలీదు. కీర్తనలు నేర్చినప్పుడు మాత్రం అర్థం తెలిసి నేర్చానా? అది తర్వాతెప్పుడో వస్తుంది.”

“నా పాస్‌వర్డ్?” అంది యెషి.

“నువ్వు కొట్టేటప్పుడు గొణుక్కుంటావు బిడ్డా. గుమ్మం దాకా వినిపిస్తుంది.”

యెషి చెవులు ఎర్రబడ్డాయి. “నిన్న ఇంత చేసి ఎవరికీ చెప్పలేదేం గాషే?”

“పొద్దున గుమాస్తాకు చెప్పాను. ‘తాతా, పండగనాడు ఎంత తాగావు?’ అన్నాడు. నిన్ను పట్టుకున్నారని నాకు ఇప్పుడే తెలిసింది.”

అట్సెదె కాగితాలు తన చేతిలోకి తీసుకుంది. “రెండు వందవ లైను నుంచి చెప్పండి.”

“ముందుకా, వెనక్కా?”

అట్సెదె ఆ లైనున్న కాగితం పైకి తీసింది. “వెనక్కి,” అంది.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. రెండు వందలు, నూట తొంభై తొమ్మిది, నూట తొంభై ఎనిమిది... ఇంగ్లీషు మాటలు, అంకెలు, చుక్కలు, గీతలు ఒకదాని వెనక ఒకటి చర్చి రాగంలో వచ్చాయి. పదింటికోసారి ఆగి, నుదుటి నుంచి ఛాతీకి వేళ్ళు తెచ్చి, మళ్ళీ మొదలుపెట్టాడు. అట్సెదె కాగితం మీద వేలు జరుపుతూ పోయింది. ఒక్క చుక్క కూడా తప్పలేదు. యెషి ఎప్పుడు నేల మీద కూర్చుందో, ఎప్పుడు చేతులు జోడించిందో అట్సెదె చూడలేదు. ఈ గదిలో ఇన్ని దీపాలు, ఇన్ని పెట్టెలు, ఒక్క ఆదేశంతో అన్నీ మర్చిపోయాయి. ఈ మనిషి మర్చిపోలేదు.

“చాలు గాషే,” అంది కాగితాలు దించి. “తల్లీ బిడ్డా?”

“క్షేమం. ఆడపిల్ల.”

అట్సెదె బల్ల మీది ఫోను తీసింది. పోలీసు స్టేషన్‌లో తన పై అధికారి కమాండర్ దెరేసెకు విషయమంతా చెప్పింది. యెషి నిర్దోషి. తిరిగి కొట్టినవాడు కాపలావాడు. అసలు చెరిపినవాడు ఇంకొకడు, దూరం నుంచి. ఈ ముసలాయనే సాక్షి.

“శభాష్ అట్సెదె. ఆయన్ను ఎక్కడికీ కదలనివ్వకు. జీపు పంపిస్తున్నాను, స్టేషన్‌లో భద్రంగా పెడదాం,” అన్నాడు కమాండర్.

అప్పుడు మూడూ ఇరవై.

* * *

మూడూ నలభైకి గిరుమ్ గాలిలా లోపలికొచ్చాడు. ముఖాన చెమట.

“ఏమిటీ నాటకం? గేటు కాపలావాడు నాలుగు వందల పదమూడు లైన్లు జ్ఞాపకం మీద కొట్టాడా? ఇది మీ కేస్ డైరీలో రాస్తారా? రాజధానిలో చదివి కడుపు పట్టుకుని నవ్వుతారమ్మా!”

యెషి తలెత్తి ఆయన వైపు చూసింది.

“ఎన్ని?” అడిగింది అట్సెదె.

“ఏంటెన్ని?”

“ఎన్ని లైన్లు అన్నారు?”

“నాలుగు వందల... ఎన్నైతే ఏం? పది అటూ ఇటూ.”

“యెషి నాలుగు వందల పన్నెండంది. కాగితం మీద పన్నెండున్నాయి. నిన్న కొట్టినవి పన్నెండు. పదమూడో లైను మీరొక్కరే ఎలా లెక్కపెట్టారు గిరుమ్ గారూ?”

“నోరు జారింది.”

“కావచ్చు.” అట్సెదె ముసలాయన వైపు తిరిగింది. “గాషే, ఈ సార్ ఇంతకు ముందు ఈ గదిలోకి వచ్చారా?”

“వచ్చారమ్మా. మూడు వారాలైంది. గదిలో లైటు పోతే నేనే టార్చి పట్టాను. ఒక లైను కొట్టారు.”

“చూశారా?”

“టార్చి పట్టినవాడు చూడకుండా ఎలా ఉంటాడు?”

“మరి నిన్న దాన్నెందుకు కలపలేదు?”

బిత్తెవ్ ఆశ్చర్యపోయాడు. “అది పాఠంలో లేదు కదమ్మా. ఎవరో కలిపినదాన్ని పాఠంలో చేర్చి చదవడం మహాపాపం. మా గురువు చేతులు విరిచేవాడు.”

గిరుమ్ గోడకు ఆనుకున్నాడు. ఇప్పుడు సూటు నలిగింది. రేపు రౌటర్‌ను చూడడానికి తనిఖీ బృందం వస్తుందని డైరెక్టరు పొద్దున్నే అట్సెదెకు చెప్పాడు. ఆ ఒక్క లైనే తీస్తే చిట్టాలో పడుతుందని, వాళ్ళు చూడకముందే గిరుమ్ దానితో పాటు అంతా దూరం నుంచి తుడిచేసి, శుభ్రమైన కాపీ పట్టుకుని కాపాడేవాడిలా వద్దామనుకున్నాడు. ఆయన రాకముందే పాఠం మాత్రమే తెలిసిన ఒక మనిషి, ఆ లైను లేకుండానే మిగతాదంతా తిరిగి పెట్టేశాడు. లైను పోయింది. అది ఒకప్పుడు ఉండేదని చెప్పగలిగే మనిషి మిగిలాడు.

“ఆ లైను చెప్పండి గాషే.”

ముసలాయన ఈసారి రాగం తీయలేదు. పొడిగా చెప్పాడు. యెషి రాసుకుంటూ, సగం రాసేసరికి లేచి నిలబడింది.

“మేడమ్, ఇది కాపీ తీసే ఆదేశం. ఈ దారిన వెళ్ళే ప్రతి మాటకూ ఇంకో ప్రతి తీసి వేరే తీగలోకి పంపుతుంది. మూడు జిల్లాల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా అక్కడ కూర్చుని వినొచ్చు.”

“ఏ తీగలోకి?”

“రెండో వరస, ఏడో నంబరు.” యెషి గోడ పక్కనున్న పలక దగ్గరకు వెళ్ళింది. వేలితో లెక్కపెట్టింది. ఏడో తీగకు కట్టిన చీటీని వెలుతురు వైపు తిప్పి చదివింది. రెండోసారి చదివింది. తర్వాత అట్సెదె వైపు చూసింది.

“చదువు.”

“జిల్లా పోలీసు కార్యాలయం. రెండో అంతస్తు.”

రెండో అంతస్తులో ఉన్నది ఒకే గది. పదకొండేళ్ళుగా అట్సెదె రోజూ పొద్దున ఆ గది తలుపు తట్టి, సెల్యూట్ చేసి, ఏ కేసులో ఎవరు సాక్షో చెప్పి వస్తోంది. కమాండర్ దెరేసె గది.

ఆమె నెమ్మదిగా గిరుమ్ వైపు తిరిగింది. “కాపలావాడి సంగతి మీకెవరు చెప్పారు?”

గిరుమ్ గడియారం చూసుకున్నాడు. ముఖం మీద చెమట ఆరిపోయింది.

“మీరు చాలా తెలివైనవాళ్ళమ్మా,” అన్నాడు దాదాపు జాలిగా. “కానీ అరగంట క్రితం మీరు ఒకే ఒక ఫోన్ చేశారు.”

కొండ కింద మలుపులో ఇంజను చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, రెండు జీపులు. గేటు దగ్గర ఆగి హారన్ మోగించాయి.

గాషే బిత్తెవ్ కర్ర ఆనించుకుని, అలవాటుగా లేచాడు. దుప్పటి సర్దుకుని, మొలలోంచి తాళంచెవుల గుత్తి తీశాడు.

“ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టున్నారు బిడ్డా. గేటు తీసొస్తాను.”

అట్సెదె ఆయన చేతిని, అందులోని తాళంచెవులను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.